రేగడి మంచిదైతే తరగతి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: ప్రాణహిత ఒడ్డున మాకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. నేల ఏ పంటకు ఎంత అనుకూలమో లెక్కగట్టే కంప్యూటర్ నమూనా దానిని పత్తికి ‘ఒక మోస్తరు అనుకూలం’ అని చూపింది. కారణం ఏమై ఉంటుంది?
– ఒక రైతు, సిరొంచ

జవాబు: ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో ప్రకటించిన భూ మూల్యాంకన విధానాన్ని అనుసరించే చాలా నమూనాలు నేల లోతు, వాలు, మురుగునీటి పారుదల, వర్షపాతం వంటి లక్షణాలను పంట అవసరాలతో ఒక్కొక్కటిగా పోల్చి, వాటిలో అన్నిటికంటే బలహీనమైనదాన్ని బట్టే అనుకూలత తరగతిని నిర్ణయిస్తాయి. రేగడి ఎంత సారవంతమైనా, వానాకాలంలో నీరు నిలిచే చోట పత్తి వేరు తట్టుకోలేదు. అదే మడి వరికి మెరుగైన తరగతిలో ఉండవచ్చు.

అయితే నమూనా ఈ తరగతులను రంగులతో చూపే పటం స్కేలును తప్పక అడగండి. 1:2,50,000 స్కేలులో (పటంపై ఒక సెంటీమీటరు అంటే నేలపై రెండున్నర కిలోమీటర్లు) చదరంగా ఉన్న నాలుగెకరాల భుజం అర మిల్లీమీటరే కనుక, ఆ రంగు మీ ఒక్క చేనుది కాదు, చుట్టుపక్కల నేలలన్నిటిది. విత్తనం కొనేముందు చేనులో గుంత తవ్వించి, పొరలవారీగా మట్టి పరీక్ష చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.