స్ట్రాత్‌నేవర్ లోయకు వచ్చేముందు

చి. రవికి,

బాబాయి ఆశీస్సులు. కోడలికి వాళ్ల పూర్వీకుల లోయ చూపించాలని బయల్దేరుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. స్కాట్లాండ్‌లో, ఈ ఇన్వర్‌నెస్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

మెకే అన్న వాళ్ల ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతకొద్దు. ఆ లోయ నిండా మెకేలే. తల్లి పుట్టింటి పేరు చూడండి. ఇక్కడి రికార్డుల్లో పెళ్లయిన ఆడవాళ్లకు ఆ పేరు కూడా రాస్తారు. ఏ మెకేలు ఎవరో తేలేది దానివల్లే.

జనన మరణాల రిజిస్ట్రేషన్ ఇక్కడ 1855లో మొదలైంది. వాళ్లవాళ్లు అంతకుముందే కెనడా ఓడ ఎక్కారన్నావు కదా, అందులో దొరకరు. ఇక్కడే ఉండిపోయిన అన్నదమ్ములనీ అక్కచెల్లెళ్లనీ వెతకండి. 1855 తర్వాత పోయినవాళ్ల మరణ రికార్డులో మామూలుగా తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. 1851 జనాభా లెక్కల్లో పుట్టిన పారిష్, అంటే ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం, కూడా రాశారు. అక్కడ ఈ లోయ ఉన్న పారిష్ ‘ఫార్’ పేరు కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టే. ఇవన్నీ స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. రికార్డు తెరవడానికి కొంచెం డబ్బు కట్టాలి.

రావడం మాత్రం మే నెలలో రండి. మా పొరుగింటావిడను నేను జూలైలో తీసుకెళ్తే ఫెర్న్ మొక్కలు నడుము ఎత్తు పెరిగి పాడుబడ్డ ఇళ్ల గోడలే కనిపించలేదు. మిడ్జ్‌లనే చిన్న దోమలు నిలబడనివ్వలేదు. ఆవిడ ఏమీ చూడకుండా తిరిగొచ్చింది, నాకు ఇప్పటికీ బాధే.

ముందు బెట్టీహిల్‌లో పాత ఫార్ చర్చిలో ఉన్న మ్యూజియం చూడండి. సదర్లాండ్ ఎస్టేటువాళ్లు గొర్రెల పెంపకం కోసం ఈ లోయను ఖాళీ చేయించారు. 1814లో కొన్ని ఊళ్లు, 1819లో ఇంకెన్నో పోయాయి. ఇళ్లు తగలబెట్టారని, ఒక ముసలామె ప్రాణం పోయిందని ఎస్టేటు ఉద్యోగి ప్యాట్రిక్ సెల్లర్ మీద 1816లో కేసు నడిచింది. జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. లోయ జనాన్ని సముద్రపు ఒడ్డున చిన్న చిన్న నేల ముక్కల్లో పెట్టారు. నాగలి పట్టిన చేతులు చేపల వేట నేర్చుకోవాల్సి వచ్చింది.

తర్వాత సైర్ అనే ఊరి దగ్గర అడవిలో ఉన్న రోసల్‌కి వెళ్లండి, అలా ఖాళీ అయిన ఊళ్లలో అదొకటి. హడావుడి వద్దు, ఒక పూట పూర్తిగా ఉంచుకోండి. గోడలు మోకాలి ఎత్తు కూడా లేవు. నాచు పట్టిన రాళ్ల వరస పొడుగ్గా కనిపిస్తుంది. ఒకప్పటి ఇల్లు అది. ఒక కొసన మనుషులు, ఇంకో కొసన పశువులు, రెంటికీ ఒకే కప్పు. ఆ రాళ్ల మధ్య అమ్మాయిని కాసేపు ఒంటరిగా వదిలెయ్. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు.

దారి ఒక్క బండి పట్టేంతే. ఎదురుగా ఎవరైనా వస్తే పక్కన వెడల్పు చోట ఆగాలి. పెట్రోలు ముందే నింపుకో.

వాళ్లింట్లో పాత బైబిల్ ఉందన్నావు. మొదటి పేజీల్లో పుట్టినరోజులు రాసి ఉంటే ఫోటో తీసి ఈ వారమే పంపు. మీరు వచ్చేలోగా నేను వెతకడం మొదలుపెడతాను.

ఇట్లు,
మీ బాబాయి