గిరి గారు 565 ఓట్లతో ఓడిన సీటు

ప్రశ్న: మాస్టారూ, మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారిని పార్వతీపురంలో రిజర్వేషన్ పేరు చెప్పి ఓడగొట్టేశారని మా తాతగారు ఎప్పుడూ అనేవారు. జనరల్ సీటు ఎస్టీ అభ్యర్థికి ఎలా వెళ్తుందండీ? పైగా ఇప్పుడు కౌంటింగ్ రోజు టీవీలో పార్వతీపురం ఎంపీ సీటే కనబడదు, ఏమైంది? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: ఓడిన మాట నిజం, ఓడగొట్టేశారన్నదే పేచీ. 1952లో గిరి గారు గెలిచింది మీ పక్కనే, మహేంద్రతనయ ఏరు దాటితే వచ్చే పాతపట్నంలో. అప్పట్లో అదొక పార్లమెంటు స్థానం. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు మీ ఊరు ఇటు, పాతపట్నం మద్రాసు వైపు పోయాయి కాబట్టి మీ తాతగారు మీ ఊళ్లోనే ఉండేవారైతే ఆయనకి ఓటేసే వీల్లేదు, ఏటి అవతల ప్రచారం మాత్రం విని ఉంటారు.

1957కి పాతపట్నం స్థానం పోయింది, గిరి గారు పార్వతీపురం వచ్చారు. అది ఇద్దరు ఎంపీల స్థానం, ఒకటి ఎస్టీకి, ఒకటి జనరల్. ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, ఓటరు చేతికి రెండు కాగితాలు, రెండూ వేరే వేరే పెట్టెల్లో వెయ్యాలి. అభిమానం పొంగి రెండూ ఒకే పెట్టెలో పడేస్తే ఒకటి దండగే.

నిలబడింది నలుగురు. బి.సత్యనారాయణ దొరకి 1,26,792, దిప్పల సూరి దొరకి 1,24,604, గిరి గారికి 1,24,039. దొరలిద్దరూ ఎస్టీలుగా నామినేషన్ వేసినవాళ్లే. రూలు ప్రకారం ముందు రిజర్వు సీటు ఎస్టీల్లో ఎక్కువ ఓట్లొచ్చిన సత్యనారాయణ దొరకి, తర్వాత మిగిలినవాళ్లలో ఎవరికెక్కువైతే వాళ్లకి జనరల్. అలా 565 ఓట్ల తేడాతో సూరి దొరకి వెళ్లింది. అసలు ఆ రూలు పక్కన పెట్టి లెక్కేసినా ఉన్నవి రెండు సీట్లు, గిరి గారిది మూడో స్థానం, మరి మోసం ఎక్కడ?

ఆయన ఊరుకోలేదు, కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. రిజర్వు సీటుకి వేసినవాడికి జనరల్ ఎలా ఇస్తారని ఒక వాదన, సూరి దొర మూకదొర తెగవాడు కాడు, క్షత్రియుడైపోయాడని ఇంకో వాదన. నన్నడిగితే ఆ రెండోది తియ్యకుండా ఉండాల్సింది. 1959లో కోర్టు రెండూ కొట్టేసింది. అప్పటికి గిరి గారు ఉత్తరప్రదేశ్ గవర్నరు! 1961లో చట్టం తెచ్చి ఇద్దరు ఎంపీల స్థానాల్నే ఎత్తేశారు.

తర్వాత పార్వతీపురం ఒకే ఎంపీతో నడిచింది. ఆఖరి సాధారణ ఎన్నిక 2004, గెలిచింది కిశోర్ చంద్రదేవ్. డీలిమిటేషన్‌లో, అంటే నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడు, ఆ పేరు పోయి అరకు వచ్చింది, 2009లో అక్కడా ఆయనే గెలిచారు. టీవీలో ఈసారి అరకు దగ్గర చూడండి.

మీ ఓటు మాత్రం బరంపురం స్థానంలోనే ఉంది. 1996లో అక్కడా, నంద్యాలలోనూ గెలిచిన పి.వి. గారు నంద్యాల వదిలేసి బరంపురమే ఎందుకు ఉంచుకున్నారని ఒక రాయగడ పాఠకురాలు అడిగారు, అది వచ్చే సంచికలో.