ముందు కణం బతకాలి, తర్వాతే చిత్రం

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో భాగంగా, పెంపక కణాల్లో మైటోకాండ్రియా కదలికలను ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద గమనిస్తున్నాను. కొంతసేపటికే మెరుపు తగ్గి, కణాలు ముడుచుకొని గుండ్రంగా అయిపోతున్నాయి. కాన్ఫోకల్ మైక్రోస్కోపుకు మారితే ఈ ఇబ్బంది తీరుతుందా?
ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: యంత్రం మార్చినంత మాత్రాన తీరదు. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ చాలా వరకు కారణం కణంపై మీరు పంపుతున్న కాంతే. కణంలో మెరుపు కోసం వేసే రంగు పదార్థమే రంజకం; కాంతితో ఉత్తేజితమైన రంజకం తాను గ్రహించిన శక్తినంతా వెలుగుగా తిరిగి ఇవ్వదు. అందులో కొంత పక్కనున్న ఆక్సిజన్‌కు చేరి, దాన్ని తీవ్రంగా చర్య జరిపే రూపాల్లోకి మారుస్తుంది. అవి రంజకాన్ని దెబ్బతీస్తే మెరుపు తగ్గుతుంది, పొరలనూ ప్రోటీన్లనూ దెబ్బతీస్తే కణమే చస్తుంది. కణం గుండ్రంగా మారేది చివర్లో; అంతకు ఎంతో ముందే మైటోకాండ్రియా తునకలవడం మొదలవుతుంది కనుక, మీరు నమోదు చేసినది కణం సహజ ప్రవర్తనా, లేక కాంతి దెబ్బకు అది చూపిన స్పందనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. రంజకం వేసి చీకటిలో ఉంచిన కణాలనూ, రంజకం లేకుండా కాంతి మాత్రమే తగిలిన కణాలనూ పక్కన పెట్టి పోల్చండి. ఆ పోలిక లేని ఫలితాన్ని, చిత్రం ఎంత అందంగా ఉన్నా, నేను నమ్మలేను.

కాన్ఫోకల్‌లోని సన్నని రంధ్రం ఫోకస్‌లో లేని వెలుగును డిటెక్టర్ (వెలుగును నమోదు చేసే భాగం) దాకా రానివ్వదు, నిజమే. కానీ లేజరు మాత్రం కణం మందమంతటినీ తాకుతూనే ఉంటుంది. చూస్తున్న పొరను మాత్రమే పక్కనుంచి వెలిగించే లైట్ షీట్ పద్ధతి ఈ విషయంలో మేలు, ముఖ్యంగా పిండాల వంటి మందమైన నమూనాలకు. పలుచని కణాలకు స్పిన్నింగ్ డిస్క్ (ఎన్నో సన్నని రంధ్రాలున్న తిరిగే పళ్లెంతో పనిచేసే కాన్ఫోకల్ రకం) చాలు. అయితే ఇప్పుడున్న మైక్రోస్కోపుతోనే ముందు కాంతి తీవ్రతను తగ్గించి, ఫొటోల మధ్య షట్టర్ మూసి, ఆ వ్యవధిని పెంచి చూడండి. చిత్రం కాస్త మసకగా వచ్చినా కొలతకు సరిపోతే చాలు. 488 నానోమీటర్ల నీలి కాంతికి బదులు 640 దగ్గరి ఎర్ర కాంతికి స్పందించే రంజకం కణానికి సౌమ్యం. ఫినాల్ రెడ్ (మాధ్యమంలో కలిపే సూచక రంగు) లేని మాధ్యమం వాడటం మేలు. క్షీరద కణాలైతే సాధారణంగా 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) జన్యువు చొప్పించిన వేరుశనగ ఆకులో పచ్చని మెరుపు కోసం చూస్తే, అంతా ఎర్రగా కనిపిస్తోంది. ఎందుకు?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆ ఎరుపు పత్రహరితానిది. అది 680 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, జీఎఫ్‌పీ 510 దగ్గర. 500 నుంచి 550 వరకే అనుమతించే ఫిల్టరు వాడితే ఎరుపు పోతుంది. కణకవచాలు కూడా కొంత పచ్చగా మెరుస్తాయి కాబట్టి, జన్యువు చొప్పించని ఆకును అవే సెట్టింగులతో తప్పక చూడండి.