పిండిమర దగ్గర ‘నైసు’

ప్రశ్న: సంక్రాంతికి అరిసెల పిండి ఆడించడానికి వెళితే మరాయన ‘నైసు కావాలా, బరక కావాలా?’ అని అడిగారు. ‘నైస్’ అంటే ‘మంచి’ కదా, మెత్తన అనే అర్థం ఎలా వచ్చిందని ఇంటర్ చదివే మా అబ్బాయి సందేహం. ఈ మాట పుట్టుక తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మరాయన మాటలో తప్పు లేదమ్మా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపినప్పుడు పలుకు తగలని పిండికి ఆయన వాడిన అర్థమే ఇంగ్లీషులో ‘మంచి’ అనే అర్థం కంటే పాతది.

లాటిన్‌లో ‘నె’ అంటే కాదు, ‘స్కీరే’ అంటే తెలియడం. రెండూ కలిసిన ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ‘సైన్స్’ అనే మాట పుట్టిందీ ఆ ‘స్కీరే’ నుంచే. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చేనాటికి ‘నైస్’ అంటే తెలివితక్కువ అనే అర్థం. తర్వాత అది అతి సుకుమారానికీ, ప్రతిదానికీ వంకపెట్టే స్వభావానికీ, 16వ శతాబ్దానికి సూక్ష్మతకూ పేరైంది. రెండు విషయాల మధ్య అతి సన్నని తేడాను ఇంగ్లీషువారు నేటికీ ‘నైస్ డిస్టింక్షన్’ అంటారు. ‘హాయిగొలిపే’ అన్న అర్థం స్థిరపడింది 18వ శతాబ్దంలోనే.

తిట్టు మెప్పుగా మారడం మనకు కొత్త కాదు. సంస్కృతంలో ‘ముహ్’ ధాతువు నుంచి పుట్టిన ‘మూఢ’ తిట్టుగానే మిగిలిపోగా, దాని తోబుట్టువైన ‘ముగ్ధ’ మొదట ఏమీ తెలియనిదని, ఆపై అమాయకురాలని, చివరకు ఆ అమాయకత్వం వల్లనే అందమైనదని అర్థాన్ని మార్చుకుంటూ వచ్చింది. ‘నైస్’ నడిచిన దారి కూడా దాదాపు ఇదే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఇక వాడుక. పలకరింపులకు, ఇష్టమైన మనుషులను గురించి చెప్పడానికి ‘నైస్’ చక్కగా సరిపోతుంది. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు మాత్రం అన్నిటికీ అదే వాడకుండా, భోజనమైతే రుచిని, మనిషైతే దయను, గాలైతే చల్లదనాన్ని చెప్పే విశేషణాన్ని వెతుక్కోమనండి. ‘నైసుగా జారుకున్నాడు’, ‘పని కోసం నైస్ చేస్తున్నాడు’ అనేవి పూర్తిగా మన తెలుగు ప్రయోగాలు. వాటిని మాటకు మాటగా ఇంగ్లీషులో పెడితే అక్కడివారికి అర్థం కాదు.