నీ డబ్బా మీద నీ మాట

బిడ్డా,

నువ్వు అమ్మే పిండివంటలకి రాసి పంపిన లేబులు, ఇన్‌స్టా పేజీ రెండూ నెమ్మదిగా చదివాను. “అమ్మమ్మ చేతి కమ్మదనం, తరతరాల సంప్రదాయం, నాణ్యతే మా ధ్యేయం.” ఇప్పుడు పైనున్న నీ బ్రాండు పేరు బొటనవేలితో మూసి మళ్ళీ చదువు. బేగంబజార్‌లో ఏ ప్యాకెట్ మీద అతికించినా అతుక్కుంటుంది. నీ సకినాలు అట్లా లేవు, ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ గుర్తుపడతారు. రుచికున్న ఆనవాలు మాటకి లేకపోవడమే నీ ఇబ్బంది.

తప్పు నీ తెలుగులో లేదు. ఫోన్‌లో కస్టమర్‌తో “ఇవాళ పంపలేనండీ, ముసురు పట్టింది, చుట్టినవి ఆరలేదు, తడి మీద నూనెలో వేస్తే పేలతాయి” అని గడగడా చెప్తావు. పెన్ను పట్టగానే బ్యాంకు బోర్డులా మారిపోతావు. ఫోన్‌లో మాట్లాడే ఆ మనిషినే కాగితం మీదికి తేవాలి. దానికొక వరస ఉంది.

ముందు 15 రోజులు కొత్తగా ఏమీ రాయకు. పొడుగు నోట్‌బుక్ ఒకటి కొని వంటింట్లో ఫోన్ పక్కనే పెట్టు. పేజీకి మూడు గడులు గియ్యి. మొదటి గడిలో కస్టమర్ అన్న మాట, అన్నది అన్నట్టే. రెండో దాంట్లో నువ్విచ్చిన జవాబు. మూడో దాంట్లో ఆ నిమిషాన పొయ్యి దగ్గర ఏం జరుగుతోందో. “రుచి బాగుందన్నారు” అని రాస్తే ఆ గడి వృథా. “మా నాయనకి పళ్ళు లేవమ్మా, చాయ్‌లో ముంచుకుని తిన్నాడు” అని రాసుకుంటే అది సరుకు. 15 రోజుల్లో కనీసం 60 మాటలు చేరాలి. చేరకపోతే ఇంకో వారం ఆగు. 20 మాటలతో మొదలుపెడితే నెల తిరిగేసరికి సరుకు అయిపోయి, చెయ్యి దానంతటదే అమ్మమ్మ కమ్మదనం వైపు పోతుంది.

60 దాటాక ఎర్ర పెన్ను తియ్యి. ముగ్గురికి తగ్గకుండా కస్టమర్లు వాడిన మాట కింద గీత గియ్యి. నువ్వు పదే పదే అన్న మాట చుట్టూ సున్నా చుట్టు. “పెళపెళ”, “తడిపిండి”, “వాయి”, “ఇవాళ్టివే” లాంటివి బయటపడతాయి. వాటన్నిటినీ చివరి పేజీలో ఒకచోట ఎక్కించు, ఇక ముందు రాతకి అవే వాడకం మాటలు. ఎదుటి పేజీలో వాడకూడనివి రాయి: కమ్మదనం, అద్భుతం, ప్రత్యేకం, నాణ్యత, ప్రేమతో, మరపురాని. ఆ పట్టీ పది మాటలు దాటనివ్వకు, పెద్దదైతే రాసేవాళ్ళకి భయం పుడుతుంది.

తర్వాత తేల్చాల్సింది, మాట్లాడేది ఎవరన్నది. ఇప్పుడు నీ పేజీలో సోమవారం మీ అత్తమ్మ మాట్లాడుతోంది, బుధవారం కంపెనీ మాట్లాడుతోంది, శనివారం మీ ఆడబిడ్డ కొడుకు “హాయ్ ఫుడీస్” అంటున్నాడు. చదివేవాళ్ళ కళ్ళ ముందు ఒక ముఖం కట్టదు. నా సలహా “మేము” అనమని. పిండి కలిపేది అత్తమ్మ, చుట్టేది నలుగురు ఆడవాళ్ళు, ఫోన్ ఎత్తేది నువ్వు. ఉన్న సంగతే కాబట్టి ఎక్కడా తడబడవు. కొనేవాళ్ళని అన్నిచోట్లా “మీరు” అను.

యాస దగ్గర జాగ్రత్త. హైదరాబాద్‌లో నీ దగ్గర కొనేవాళ్ళు ఒక ఊరివాళ్ళు కారు. కూకట్‌పల్లి నుంచి ఆర్డర్ ఇచ్చే ఆమె కజ్జికాయలంటుంది, నువ్వు గరిజెలంటావు. ఆమె పచ్చడంటుంది, నువ్వు తొక్కంటావు. వస్తువు పేరు మీ ఇంటి పేరే ఉంచు, గరిజెలు గరిజెలే, తొక్కు తొక్కే. పక్కన చిన్నగా అదేంటో చెప్పు, చాలు. వాక్యం మొత్తం యాసలో రాయాలని పట్టుబట్టకు. నీ నోటికి వచ్చినంత మేరకే రానివ్వు. అందరూ వాడుతున్నారని “గట్లనే”, “మస్తు” చల్లితే, పుట్టినప్పటినుంచీ ఆ మాట మాట్లాడేవాళ్ళే ముందు పసిగడతారు, వాళ్ళకి బాధ వేస్తుంది కూడా.

ఇక కథలు. ఒక్కో కథకి ఐదు దినుసులు కావాలి: చోటు, వేళ, మనిషి, కొలత, అడ్డం పడిన ఒక సంగతి. ఐదోది లేకపోతే అది వర్ణనగానే మిగిలిపోతుంది. సకినాల పనిలో అడ్డంకులకి కొదవ లేదు. రాత్రి నానబెట్టిన బియ్యం పొద్దున వడగట్టి గిర్నీలో పట్టించాలి, ఆ తడిపిండి ఆ రోజే అయిపోవాలి, లేకపోతే పులుస్తుంది. కిలో బియ్యానికి పావుకిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి బట్ట మీద చుట్టాలి. పిండి గట్టిపడితే చుట్టు తెగుతుంది, పలచబడితే మెలి నిలవదు. ఇందులో ప్రతి “లేకపోతే” దగ్గరా ఒక కథ ఉంది.

ఒకటి చేసి చూపిస్తాను. నీ పేజీలో ఉన్నది ఇది: “మా సకినాలను ఎంతో శ్రద్ధతో, ప్రేమతో, చేతితో తయారుచేస్తాము.” దీన్ని పక్కన పెట్టి, శ్రద్ధ కంటికి ఎక్కడ కనిపిస్తుందో వెతుకు. ఫ్యాను దగ్గర కనిపిస్తుంది. మొదటిసారి రాస్తే ఇట్లా వస్తుంది:

“సకినాలు చుట్టేటప్పుడు మా గదిలో ఫ్యాను తిరగదు. గాలి తగిలితే చేతిలో పిండి ఆరి, మెలి మధ్యలోనే తెగుతుంది. మే నెలైనా అంతే. నలుగురం కొంగుతో చెమట తుడుచుకుంటూ చుడతాం. నాలుగు చుట్లు తిరిగాకే వేలు ఆగుతుంది. చివరి బట్ట నిండాక ఫ్యాను వేస్తాం, సకినాలకీ మాకూ.”

బాగుంది గానీ ఒక తప్పుంది. తినే వస్తువు పక్కన చెమట అనే మాట రాకూడదు, ఎంత నిజమైనా. అక్కడే చదివేవాళ్ళ నాలుక వెనక్కి పోతుంది. ఆ వాక్యం కొట్టేసి, “కిటికీలు కూడా మూసి, నలుగురం మాట్లాడకుండా చుడతాం” అని పెట్టు. కష్టం తెలుస్తుంది, రుచి చెడదు. చివరి వాక్యం మాత్రం కదపకు, మీ నలుగురి ముఖాలూ కనిపించేది అక్కడే. ఇందులో రుచి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు చూడు. ఫ్యాను ఆపుకుని కూర్చున్నవాళ్ళు రుచి సంగతి చూసుకోకుండా ఉంటారా అని చదివేవాళ్ళే అనుకుంటారు. మీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే మాత్రం ఈ కథ నీకు పనికిరాదు, నీ నోట్‌బుక్కులో ఉన్నదే తియ్యి.

మన ఊళ్ళో ఈ విద్య వీధిలోనే కనిపిస్తుంది. రంజాన్ నెలలో హలీం బట్టీ దగ్గర జనం ఎందుకు ఆగుతారు? కట్టెల మంట, డేగ్ అనే పెద్ద గుండిగ, ఘోట్నీ అనే పెద్ద కట్టెతో దంచే చేతులు, అన్నీ ఎదురుగానే ఉంటాయి. హైదరాబాద్ హలీంకి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు రావడంలోనూ ఆ వండే తీరుకే పెద్ద పీట. లాడ్‌బజార్‌లో లక్క వేడి చేసి, మెత్తబడ్డ లక్క గాజు మీద రాళ్ళు ఒక్కొక్కటే అద్దుతుంటే కొనడానికి వచ్చినవాళ్ళు బేరం కూడా మరిచి చూస్తారు. నీకు వీధి మీద కొట్టు లేదు, రామంతాపూర్‌లో రెండో అంతస్తులో పొయ్యి. వాళ్ళకి కళ్ళు చేసే పని నీకు మాటలు చేయాలి, అందుకే చేతుల పని చూపించమని అంటున్నాను.

ఇట్లాంటివి 12 రాసి పెట్టుకున్నాకే మొదటిది బయటపెట్టు. ఒక్కోటి 30 నుంచి 70 పదాలు. వారానికి ఒకటి చాలు, మూడు నెలలు నడుస్తుంది, ఈలోగా నోట్‌బుక్ మళ్ళీ నిండుతుంది. 12లో నాలుగు చేతి పని మీద, మూడు దినుసుల మీద, మూడు కొన్నవాళ్ళ మాటల మీద, రెండు మీవల్ల జరిగిన పొరపాట్ల మీద ఉండనీ. పొరపాట్ల కథలు మానేయాలనిపిస్తుంది, మానకు. మిగతా పదినీ నమ్మించేవి అవే. పండగలకి ముందే లెక్క వేసుకో: సంక్రాంతి సకినాల కథ డిసెంబర్ మొదట్లోనే వెళ్ళాలి, పండగ వారంలో నీకు రాసే తీరికా ఉండదు, చదివేవాళ్ళకి ఓపికా ఉండదు. తొక్కు కథలు మామిడికాయ వచ్చే ఏప్రిల్‌కి.

రాసిన ప్రతిదీ అత్తమ్మకి పైకి చదివి వినిపించు. ఆమె “ఏంటీ?” అన్నచోట వాక్యం విరిచెయ్యి. నీకు ఊపిరి అందనిచోట కూడా.

ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయం. ఇన్‌స్టాలో మొదటి ఒకటి రెండు లైన్లే బయటికి కనిపిస్తాయి, కాబట్టి ఫ్యాను వాక్యం ముందుండాలి, నమస్కారాలు కాదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది పరిమితి, అదీ నీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. మొదటి ప్యాకెట్ ఇచ్చేటప్పుడే నంబర్ సేవ్ చేసుకోమని అడుగు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, అక్కడ కథ పెట్టకు, “ఇవాళ మూడో వాయి నడుస్తోంది” లాంటి ఒక్క ముక్క పెట్టు. జనవరి 1న నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్‌లో స్టాల్ తీసుకోవాలనుకుంటున్నావు కదా. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌లో జనం నడుస్తూనే వింటారు, ఆగరు. అక్కడికి “ఫ్యాను ఆపి చుట్టిన సకినాలండీ” అన్న ఒక్క పిలుపు చాలు. ఎందుకాపుతారని అడిగినవాళ్ళకి మిగతాది చెప్పు.

లేబులు విషయంలో కొంచెం గట్టిగా చెప్తున్నాను. కథ ముందువైపు ఎంత బాగున్నా కొనేవాళ్ళు డబ్బా తిప్పి చూస్తారు. దినుసులు బరువులో ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి వరసగా రాయాలి, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబర్ ఉండాలి. ముందు నువ్వుల కథ చెప్పి, వెనక నూనె పేరు దాచినట్టు కనిపిస్తే 12 కథలూ ఒక్కసారే కూలిపోతాయి. వేయించేది పామాయిల్‌లో అయితే దాని పేరే రాయి, లేకపోతే నూనె మార్చు. ఇంకొకటి, ఆ సంస్థవే 2018 నాటి ప్రకటనల నిబంధనలు సహజం, స్వచ్ఛం, తాజా, సంప్రదాయం లాంటి మాటలకి షరతులు పెట్టాయి. బ్రాండు పేరులోనే అట్లాంటి మాట ఉంటే, ఇది పేరు మాత్రమే, సరుకు స్వభావం చెప్పేది కాదని 3 మిల్లీమీటర్లకి తగ్గని అక్షరాల్లో లేబులు మీద రాయాలి. రెండో బ్రాండుకి నువ్వనుకుంటున్న పేరులో “స్వచ్ఛ” ఉంది, ప్రింటింగ్‌కి ఇచ్చేముందు మార్చెయ్యి.

అమ్మమ్మ మాట కూడా తియ్యి. సకినాలు నువ్వు నేర్చుకున్నది అత్తమ్మ దగ్గర, ఆమె పక్కనే కూర్చుని పిండి కలుపుతోంది. ఉన్న మనిషిని వదిలి లేని అమ్మమ్మని పెట్టడం ఆమెకి అన్యాయం. చుట్టే ఆడవాళ్ళ గురించి రాసేముందు వాళ్ళకి చదివి వినిపించు. పేరు వద్దంటే వద్దు, ఫొటో వద్దంటే చేతులు మాత్రమే తియ్యి. వాళ్ళ ఇంటి కష్టం అమ్మకానికి వాడకు, వాళ్ళ పనితనం రాయి.

నీ మాట నిజంగా తేలేది సరుకు పాడైన రోజున. నీ ఫోన్‌లో దాచుకున్న సందేశం చూశాను: “మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.” అది సికింద్రాబాద్ స్టేషన్ అనౌన్స్‌మెంట్. ఫ్యాను కథ చదివి దగ్గరైన మనిషికి ఈ జవాబు వెళ్తే, ఆ కథ ఎవరో రాసిచ్చిందని అర్థం చేసుకుంటుంది. ముందు ఏం జరిగింది, తర్వాత ఎందుకు, ఆ తర్వాత ఏం చేస్తున్నాం, ఎప్పటికి, ఈ వరసలో రాయి:

“మీ ప్యాకెట్ మెత్తబడింది, తప్పు మాదే. నిన్న మూడో వాయి పూర్తిగా చల్లారకముందే సీల్ చేశాం, లోపల ఆవిరి పట్టింది. రేపు సాయంత్రంలోపు కొత్తది పంపుతాం. పాతది తిరిగి ఇవ్వక్కర్లేదు.”

ధర పెంచేటప్పుడూ ఇదే వరస. ఏ దినుసు ఎంత పెరిగిందో అంకెతో చెప్పు, ఎప్పటినుంచో తేదీ చెప్పు, అప్పటివరకు పాత ధరే అని చెప్పు. ఈ మూడు సందేశాలు, ఆలస్యం, పాడవడం, ధర, ముందే రాసి ఫోన్‌లో పెట్టుకో. కోపంలో ఉన్న మనిషికి అప్పటికప్పుడు రాస్తే అనౌన్స్‌మెంట్ గొంతే వస్తుంది.

లైకులు లెక్కపెట్టకు. నోట్‌బుక్‌లో మొదటి గడినే చూస్తూ ఉండు. “ఫ్యాను ఆపి చుట్టేది మీరేనా?” అని నీ మాట నీకే ఎవరైనా తిరిగి చెప్తే ఆ లైను పక్కన చుక్క పెట్టు. మూడు నెలల్లో ఐదు చుక్కలు కూడా రాకపోతే కథలు మార్చు, గొంతు మార్చకు.

15 రోజులు అయ్యాక ఇన్‌స్టా లింకు కాదు, నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి పంపు. నూనె మరకలున్నా పర్వాలేదు, అక్షరాలు కనిపిస్తే చాలు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ