పాఠకుల ప్రశ్నలు, జవాబులు: జపాన్‌లో ఏ వేడినీళ్ళ ఊరికి వెళ్ళాలి?

ప్రశ్న: నవంబర్ రెండో వారంలో టోక్యో, క్యోతో వెళ్తున్నాం. ఒక రాత్రి ఆన్‌సెన్ (వేడినీటి ఊటల) ఊళ్ళో ఉండాలని ఉంది. హకోనె, కుసత్సు, కినొసాకి, ఈ మూడింట్లో ఏది నయం? నేను, మావారు, 64 ఏళ్ళ మా అత్తగారు వెళ్తాం. ముగ్గురం శాకాహారులం. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ముంజేతి మీద పాత పచ్చబొట్టు ఉంది. పదిమందిలో బట్టల్లేకుండా స్నానమంటే ఆవిడకే కాదు, నాకూ ఇబ్బందే.
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: కినొసాకి వెళ్ళండి. ఊరు ఎంచుకునేటప్పుడు ఫొటోలు పక్కన పెట్టి, మీలో ఎవరికి ఎక్కువ కష్టమో వాళ్ళను బట్టి చూడాలి. ఇక్కడ ఆ మనిషి మీ అత్తగారు.

హకోనెలో ఊళ్ళు కొండల మీద చెదురుమదురుగా ఉంటాయి, బండ్లు మారుతూ తిరగడం ఆవిడ మోకాళ్ళకు కష్టం. కుసత్సు అందమైన ఊరే. నడిబొడ్డున యుబతకె దగ్గర సలసల కాగే ఊటనీళ్ళు చెక్క కాలువల్లో పారుతూ చల్లారుతుంటాయి. కానీ ఆ నీళ్ళ పీహెచ్ 2కి దగ్గర, అంటే దాదాపు నిమ్మరసమంత ఆమ్లం. గోరు పక్కన చిన్న గీత ఉన్నా భగ్గుమంటుంది. గంధకం వల్ల వెండి నల్లబడుతుంది. మీ కాలి మెట్టెలు ఏళ్ళుగా తీయకుండా వేలికి బిగుసుకుపోయి ఉంటే అక్కడికక్కడ ఊడిరావు. పైగా 1,200 మీటర్ల ఎత్తు, నవంబర్ చలి. కినొసాకి నీళ్ళు కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే. అయినా నగలు గదిలో పెట్టి వెళ్ళడమే మంచిది.

క్యోతో నుంచి కినొసాకి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు రెండున్నర గంటలు, మధ్యలో బండి మారే పని లేదు. ఏటి గట్టున ఊరు చదునుగా ఉంటుంది, మోకాళ్ళకు అదే వరం. ఊళ్ళో ఏడు సార్వజనిక స్నానశాలలున్నాయి. రాత్రి బస చేసేవాళ్ళకు వాటన్నిటికీ ఉచిత పాస్ సత్రం వాళ్ళే ఇస్తారు. పచ్చబొట్టు ఉన్నా ఏడింటిలోనూ రానిస్తారు. వేరే ఊళ్ళలో చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఒక్కో స్నానశాలకు వారంలో ఒక్కో రోజు సెలవు, దిగగానే అడిగి తెలుసుకోండి.

ఇక బిడియం సంగతి. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరువేరు గదులే, కానీ ఈత దుస్తులు కూడా ఒప్పుకోరు. దీనికి దారి ‘కషికిరి’, అంటే తలుపు గడియ పెట్టుకుని మీరు మాత్రమే వాడుకునే తొట్టి. సాధారణంగా 40, 50 నిమిషాలు ఇస్తారు. కొన్ని సత్రాల్లో ఉచితం, కొన్నిట్లో అదనపు రుసుము. కినొసాకిలో సత్రం లోపలి స్నానాల మీద ఒకప్పుడు పెద్ద వ్యాజ్యమే నడిచింది, 1950లో రాజీ కుదిరాక లోపలి తొట్టెలు చిన్నవిగానే ఉండాలనుకున్నారు. కాబట్టి కషికిరి ఉందా లేదా అన్నది బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి.

తొట్టిలో దిగేముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని, నురగ పూర్తిగా పోయేలా కడుక్కోవాలి. తలకు కొబ్బరినూనె ఉంటే షాంపూతో వదిలించి, జుట్టు ముడివేయాలి. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీలుంటాయి. ముందు కాళ్ళ మీద పోసుకుని, మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. ఆదరాబాదరాగా లేస్తే కళ్ళు తిరుగుతాయి, ఎందుకంటే వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది. ఆవిడ బీపీ మాత్రలు వాడుతుంటే డాక్టరును అడిగి బయల్దేరండి, తడి నేల మీద ఒంటరిగా వదలకండి. గది అడిగేటప్పుడు మంచం ఉన్నదే అడగండి. మామూలు గదిలో చాప మీద పరుపు వేస్తారు, కిందికి కూర్చుని లేవడం ఆవిడకు నరకం.

అన్నిటికన్నా చిక్కు భోజనం. కూరలు, మిసో పులుసు, గుడ్డు అట్టు దాకా అన్నిట్లో ‘దాషి’ పడుతుంది. అది ఎండు బోనిటో చేప తురుముతో కాచిన నీళ్ళు. ‘వెజిటేరియన్’ అని రాస్తే చేప ముక్క తీసేసి అదే పులుసు పెడతారు. “మాంసం, చేప, చేప దాషి వద్దు, కొంబు నాచుతో, షిటాకె పుట్టగొడుగులతో చేసిన దాషి అయితే తింటాం” అని విడమరచి రాయండి, వారం ముందు మళ్ళీ గుర్తుచేయండి. నవంబర్ 6 నుంచి అక్కడ పీతల కాలం. ధరలు పెరుగుతాయి, వంటంతా పీత చుట్టే తిరుగుతుంది. మీరు తినని దానికి డబ్బు కట్టడం అన్యాయం. ప్రయాణాన్ని అక్టోబర్‌కు మార్చుకోండి, వీలుకాకపోతే రాత్రి భోజనం లేని గది తీసుకుని తినేవి క్యోతోలో కొనుక్కెళ్ళండి. సత్రం అద్దె గదికి కాదు, మనిషికి ఇంత అని లెక్క. ముగ్గురి మొత్తం చూసుకోండి.

ప్రశ్న: టోక్యోలో పని మీద ఉంటాను, ఒక్క రోజే ఖాళీ. ఎక్కడికి వెళ్ళొచ్చు?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: హకోనె. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి రొమాన్స్‌కార్ రైలులో హకోనె-యుమొతొకు దాదాపు గంటన్నర. స్నానం చేసి సాయంత్రానికి తిరిగి రావచ్చు, అక్కడ పగటిపూట స్నానానికి మాత్రమే రానిచ్చేవి చాలా ఉన్నాయి. ఊళ్ళు కొండల మీద చెదురుమదురుగా ఉంటాయి కాబట్టి అన్నీ చుట్టేద్దామనుకుంటే రోజంతా బండ్లు మారడంతోనే సరిపోతుంది. ఒవకుదాని అనే అగ్నిపర్వత లోయ మీదుగా వెళ్ళే రోప్‌వే గాలి వీచినా, అగ్నిపర్వతపు వాయువులు పెరిగినా ఆగిపోతుంది. బయల్దేరే ఉదయం అది నడుస్తోందో లేదో చూసుకోండి.