రోజూ నెట్ కట్ అవుతోంది... కంపెనీపై కేసు వేయవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. రెండు నెలలుగా రోజూ సాయంత్రం నాలుగైదు సార్లు నెట్ ఆగిపోతోంది. ఎప్పుడు ఫిర్యాదు చేసినా 'మా లైన్ బాగానే ఉంది, మీ వైఫైలోనే సమస్య' అని ఫిర్యాదును మూసేస్తున్నారు. ఏడాది డబ్బు ముందే కట్టేశాను. ఇంటి నుంచే ఉద్యోగం కావడంతో ఒకటే టెన్షన్. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. టెలికాం వివాదాలు టెలిగ్రాఫ్ చట్టం కింద ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) పోవాలని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. మీది సేవాలోపం కిందికి వస్తుంది, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. ఇంట్లో ఆఫీసు పని చేస్తున్నారు కాబట్టి 'వాణిజ్య అవసరం, ఈ చట్టం వర్తించదు' అని వాళ్లు మెలిక పెట్టవచ్చు. ఇంటి కనెక్షన్ విషయంలో అది నిలబడుతుందని నేను అనుకోను.

కానీ లోపం ఉందని నిరూపించాల్సింది మీరే. కాబట్టి మీ కేసు తేలేది రూటర్ దగ్గరే. తెగుతున్నది రూటర్‌కు ఇవతలా, అవతలా? ఇవతలైతే వాళ్ల మాటే నిజమవుతుంది.

ముందు వైఫైని పక్కన పెట్టి, కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కు కలపండి. కేబుల్‌తో ఆగకుండా నడిచి, వైఫైలో మాత్రమే తెగుతుంటే ఇక కేసు మాట మరిచిపోండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పక్కింటి రూటర్లూ, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అడ్డు తగులుతాయి. ఛానల్ మార్చినా, 5 గిగాహెర్ట్జ్‌కు మారినా చాలావరకు సర్దుకుంటుంది.

కేబుల్‌తో కూడా తెగుతోందా? కంప్యూటర్‌లో రెండు కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే) విండోలు పక్కపక్కనే తెరవండి. ఒకదానిలో రూటర్ అడ్రస్‌కు (చాలా ఇళ్లలో 192.168.1.1), రెండోదానిలో 8.8.8.8కు (బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ సర్వర్) పింగ్, అంటే అటు నుంచి జవాబు వస్తోందా అని చూసే కమాండ్, ఆగకుండా నడవనివ్వండి. నెట్ పోయిన క్షణంలో మొదటి విండోలో జవాబులు వస్తూనే ఉండి, రెండోదానిలో 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' వరస కడితే, ఇంట్లో వైరింగ్ బాగానే ఉందన్నమాట. అప్పుడే రూటర్ వైపు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. టైము కనిపించేలా వీడియో తీయండి. ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. రెండు విండోలూ ఒకేసారి ఆగి, రూటర్ లైట్లన్నీ ఆరి మళ్లీ వెలుగుతుంటే అడాప్టర్‌నో రూటర్‌నో అనుమానించాలి. ఆ రూటర్ కంపెనీ ఇచ్చిందే అయితే బాధ్యత మళ్లీ వాళ్లదే. మీరు కొన్నదైతే వారంటీ కాగితం వెతుక్కోండి.

ఇలా పది, పదిహేను రోజులు తేదీ, టైము, ఎన్ని నిమిషాలు పోయిందో రాసిపెట్టండి. ఫోన్లో ఎంత గట్టిగా అరిచినా కమిషన్ ముందు అది లెక్కలోకి రాదు. ప్రతిసారీ ఫిర్యాదు నంబరు తీసుకోండి. 'సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వస్తే, కాలేదని రాతపూర్వకంగా జవాబివ్వండి. కంపెనీలోనే పై స్థాయిలో ఫిర్యాదులు వినే అప్పిలేట్ అథారిటీకి కూడా రాయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే చాలనుకునేవాళ్లు చాలామంది; అది విడి ఫిర్యాదులను విచారించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని అక్కడే తేలిపోతాయి.

అప్పటికీ దారికి రాకపోతే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. 'నిరంతర సేవకు హామీ లేదు' అని ఒప్పందంలో ఉందని వాళ్లు చూపిస్తారు. ఎప్పుడో ఒకసారి వచ్చే అంతరాయానికి అది సరే. రోజూ తెగే లైనుకు పూర్తి డబ్బు ఉంచుకోవడానికి అది సరిపోదని వాదించండి. మిగిలిన నెలల డబ్బు వాపసు, కొంత పరిహారం, ఖర్చులు అడగండి. కోపంలో పది లక్షలు అడిగితే మీ పట్టికలోని నిజాన్ని కూడా అనుమానంగా చూస్తారు.